సాఫ్ట్‌వేర్ నుంచి అకౌంటింగ్‌కు: ముప్పై వేల డాలర్ల మాస్టర్స్ లేకుండా సీపీఏ లైసెన్సు సాధ్యమేనా?

కొత్తఖాతా రాసినది:

అందరికీ నమస్కారం. ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. జేఎన్‌టీయూలో ఈసీఈ బీటెక్, ఇక్కడికి వచ్చాక కంప్యూటర్ సైన్సులో 36 క్రెడిట్ల ఎంఎస్. ఆ తర్వాత అంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగే. నిరుడు మా బృందం మొత్తాన్ని ఒకేసారి ఇంటికి పంపారు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి వీసా బెంగ లేదు.

ఖాళీగా ఉన్నప్పుడు మా గుడి లెక్కలు చూసిపెట్టమని అడిగారు. చూస్తూ చూస్తూ ఇష్టం పెరిగింది. మళ్ళీ టెస్టింగ్‌లోకి వెళ్ళే బదులు అకౌంటింగ్ నేర్చుకుని, కుదిరితే సీపీఏ (లైసెన్సున్న పబ్లిక్ అకౌంటెంట్) చేద్దామని ఉంది. ఒక విశ్వవిద్యాలయాన్ని అడిగితే, "లైసెన్సుకు 150 క్రెడిట్లు కావాలి, మాస్టర్స్ తప్పదు, దానికి ముందు పునాది కోర్సులు కూడా చేయాలి" అన్నారు. లెక్క వేస్తే ముప్పై వేల డాలర్లు దాటుతోంది. ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. ఇంతకన్నా తక్కువలో దారి ఉందా? నలభై దాటాక ఇలా మారినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

---

పద్దులపంతులు రాసినది:

కొత్తఖాతా గారూ, ఆ దరఖాస్తుకు ఇంకా డబ్బు కట్టలేదు కదా? కట్టకండి.

150 అన్న అంకె నిజమే. కానీ అది మీ మొత్తం చదువు లెక్క. అందులో అకౌంటింగ్ ఎంత ఉండాలి, వాణిజ్య విషయాలు ఎంత ఉండాలి అన్నవి వేరే లెక్కలు. వీటిని విడదీసి చెప్పకపోవడం అడ్మిషన్ల వాళ్ళకు లాభం. మీ నాలుగేళ్ళ బీటెక్‌ను విదేశీ డిగ్రీలను తూచే సంస్థతో మూల్యాంకనం చేయిస్తే మామూలుగా అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమని, 120 క్రెడిట్లకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. దానికి ఎంఎస్ 36 కలపండి. 150 ఇప్పటికే మీ దగ్గర ఉంది. వెన్న చేతబట్టుకుని నేతికి దేవులాడినట్టుంది వ్యవహారం.

మీకు లేనిది అకౌంటింగ్ ఒక్కటే. సీపీఏ లైసెన్సులిచ్చే టెక్సాస్ రాష్ట్ర బోర్డు అడిగేది పై స్థాయి అకౌంటింగ్ 27 క్రెడిట్లు, వాణిజ్య విషయాలు 24, బోర్డు ఆమోదించిన నీతి నియమాల కోర్సు 3. "పై స్థాయి" అంటే ఇంటర్మీడియట్ అకౌంటింగ్ నుంచి మొదలు. మొదట్లో చేసే పునాది కోర్సులు ప్రిన్సిపుల్స్ ఒకటి, రెండు ఆ 27లోకి రావు, కానీ అవి లేకుండా ఇంటర్మీడియట్‌లో చేర్చుకోరు. కాబట్టి ఆ 6 కూడా కలుపుకోండి. మొత్తం 36 క్రెడిట్లు. వాణిజ్యంలో ఏవైనా తగ్గితే అవి అదనం.

ఇక ఎక్కడ చేయాలన్నది. బ్యాచిలర్స్ ఇప్పటికే ఉన్నవారికి కొన్ని కమ్యూనిటీ కాలేజీలు నేర్పే పై స్థాయి అకౌంటింగ్‌ను టెక్సాస్ బోర్డు ఒప్పుకుంటుంది. ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీలో ఇలా డిగ్రీ ఉన్నవారి కోసమే ఒక కార్యక్రమం ఉంది. మీ చుట్టుపక్కలా ఉన్నాయి. కాలేజీ చెప్పిందని నమ్మకుండా, బోర్డు జాబితాలో ఆ కాలేజీ పేరూ, మీరు తీసుకునే కోర్సు సంఖ్యా కనబడ్డాకే చేరండి. మీ జిల్లా పరిధిలోని కాలేజీ అయితే క్రెడిట్‌కు వంద డాలర్ల చుట్టుపక్కల పడుతుంది. 36 క్రెడిట్లకు మూడు వేల ఆరు వందలు అనుకోండి. ముప్పై వేలు ఎక్కడ, ఇది ఎక్కడ!

---

రాత్రిబడి రాసినది:

పంతులు గారు చెప్పిన దారిలోనే నేను కాలిఫోర్నియాలో నడిచాను. నాదీ ఇంజనీరింగే, మెకానికల్. పగలు ఉద్యోగం, సాయంత్రం కమ్యూనిటీ కాలేజీ. రాష్ట్ర నివాసులకు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లే. అకౌంటింగ్ 24, వాణిజ్యం 24 కలిపి 48 యూనిట్లు కొన్నా 2,208 డాలర్లు. పుస్తకాలు పాతవి కొన్నాను. ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకం పాత ముద్రణ చాలు, అధ్యాపకుడిని ముందే అడిగితే తనే చెబుతారు. మేం చేసినప్పుడు వీటితో పాటు అకౌంటింగ్ అధ్యయనం 20, నీతి శాస్త్రం 10 అని మరో రెండు పద్దులు కూడా ఉండేవి. తత్వశాస్త్ర విభాగంలో నైతికత మీద ఒక కోర్సు చేశాను. లైసెన్సు కోసం చేసిన చదువులో నాకు బాగా నచ్చింది అదే.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ కొన్ని కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఒక క్వార్టర్ యూనిట్ అంటే సెమిస్టర్ యూనిట్‌లో మూడింట రెండు వంతులే. 150 సెమిస్టర్ యూనిట్లంటే 225 క్వార్టర్ యూనిట్లు. అయిదు యూనిట్ల క్లాసు చేసి అయిదూ వచ్చాయనుకునేవారు చాలామంది, బోర్డు దాన్ని మూడు చిల్లరగానే రాసుకుంటుంది.

హెచ్1, హెచ్4లో ఉన్నవారికి కూడా కాలిఫోర్నియాలో, టెక్సాస్‌లో నివాస నిబంధనలు నిండితే స్థానిక రుసుమే వర్తిస్తుంది. అది తెలియక బయటి రాష్ట్రాల రుసుము కట్టేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

---

ఎదురుగాలి రాసినది:

అందరూ హారతులు పడుతున్నారు కాబట్టి రెండు మాటలు ఎదురు చెబుతాను, ఏమీ అనుకోకండి.

క్రెడిట్లు చవకగా దొరుకుతాయి, నిజమే. ఖర్చు అక్కడితో ఆగదు. పరీక్ష నాలుగు విభాగాలు, ఒక్కోదానికి 250 డాలర్ల పైమాట. తప్పితే మళ్ళీ కట్టాలి. తయారీ కోర్సులు రెండు వేల డాలర్ల పైనే. అన్నిటికన్నా పెద్ద ఖర్చు జీతం. అనుభవమున్న టెస్టర్ జీతం నుంచి కొత్త స్టాఫ్ అకౌంటెంట్ జీతానికి దిగాలి. పక్క కుర్చీలో ఇరవై రెండేళ్ళ పిల్లవాడు ఉంటాడు, పై కుర్చీలో ఇరవై ఏడేళ్ళ పిల్ల. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా శనివారాలు ఉండవు. పైగా పద్దులు రాసే పని ఎలాగూ యంత్రాల చేతికి పోతోందని ప్రతివాళ్ళూ అంటున్నారు. టెస్టింగ్‌ను తిన్నదే అకౌంటింగ్‌నూ తినదా?

---

పద్దులపంతులు రాసినది:

ఎదురుగాలి గారు జీతం గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంట్లో కూర్చుని రెండేళ్ళ బడ్జెట్ వేసుకోకుండా ఎవరూ దూకవద్దు.

యంత్రాల మాట మాత్రం వేరు. పద్దు రాయడం ఎప్పుడో యంత్రానికి వెళ్ళిపోయింది. బ్యాంకు లావాదేవీలు వాటంతట అవే వచ్చి పడుతున్నాయి. మిగిలింది, అవి సరైన చోట పడ్డాయా లేదా అని చూసేవాళ్ళ పని. మొన్న ఒక చిన్న సంస్థ నెలాఖరు లెక్క ముగిస్తుంటే బ్యాంకుకూ పుస్తకానికీ 180 డాలర్లు తేడా వచ్చింది. కొత్తగా చేరిన అబ్బాయి 180 డాలర్ల లావాదేవీ కోసం నెలంతా వెతుకుతున్నాడు. అలాంటిది లేదు. 180ని తొమ్మిదితో భాగించి చూడమన్నాను, శేషం లేకుండా పోయింది. తేడా తొమ్మిదితో తెగితే ఎక్కడో రెండు అంకెలు తారుమారయి ఉండవచ్చు. అయిదు నిమిషాల్లో దొరికింది: 1,860 డాలర్ల చెక్కును ఎవరో 1,680గా ఎక్కించారు. ఇది పాత గుమాస్తాల చిట్కా. కానీ అంకెను చూడగానే ఇక్కడేదో తేడాగా ఉందనే అనుమానం రావాలి కదా. టెస్టింగ్ చేసినవారికి అది ముందే ఉంటుంది.

కొత్తఖాతా గారికి దానిమీదే ఒక సూచన. 2024 జనవరి నుంచి పరీక్ష స్వరూపం మారింది. ఆడ్ (ఆడిట్), ఫార్ (ఆర్థిక నివేదికల అకౌంటింగ్), రెగ్ (పన్నులు, వ్యాపార చట్టం) మూడూ అందరికీ తప్పనిసరి. నాలుగోది మీ ఇష్టం: బార్ (వ్యాపార విశ్లేషణ, నివేదికలు), ఐఎస్‌సీ, టీసీపీ (పన్నుల ప్రణాళిక)లలో ఒకటి. ఐఎస్‌సీ అంటే సమాచార వ్యవస్థలు, నియంత్రణలు. ఎవరికి ఏ అనుమతి ఉంది, ప్రోగ్రాములో మార్పు ఎవరు ఆమోదించారు, డేటా ఎలా భద్రంగా ఉంది, ఇలాంటివే. క్లౌడ్ సేవలు అమ్మే సంస్థలు తమ ఖాతాదారులకు చూపించే సాక్ 2 (డేటా భద్రత, నియంత్రణల తనిఖీ) నివేదికలను ఇచ్చేది సీపీఏ సంస్థలే. ఆ పనికి కంప్యూటర్ తెలిసిన మనుషులు కావాలి. మీరు పిల్లల పక్కన అందరికన్నా కింది మెట్టు మీదే మొదలుపెట్టాలని ఏమీ లేదు. బార్‌తో పోలిస్తే ఐఎస్‌సీలో గట్టెక్కేవారి శాతం కూడా ఎక్కువే.

---

వానమబ్బు రాసినది:

నాకు తెలిసిన ఇంకా చవక దారి: నెలకు ఇంత అని రుసుము తీసుకునే ఆన్‌లైన్ వేదికలు కొన్ని ఉన్నాయి. సోఫియా, స్టడీ డాట్ కామ్ లాంటివి. నెలలో మూడు నాలుగు కోర్సులు లాగించేయవచ్చు. క్లాసుకు వెళ్ళకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్షలు కూడా ఉన్నాయి, ఒక్కోటి వంద డాలర్ల లోపే. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ పాఠాలు ఉచితంగా చెప్పి, పరీక్ష రుసుముకు వోచరు కూడా ఇస్తుంది. అంతా కలిపి వెయ్యి డాలర్లలో తేలిపోదా?

---

రాత్రిబడి రాసినది:

తేలదు, వానమబ్బు గారూ. ఆ వేదికలు సొంతంగా క్రెడిట్ ఇవ్వలేవు. ఏసీఈ అనే మండలి "ఇది ఇన్ని క్రెడిట్లకు తగును" అని సిఫారసు చేస్తుంది, అంతే. ఆ సిఫారసును గుర్తింపు ఉన్న ఒక కాలేజీ ఒప్పుకుని తన ట్రాన్‌స్క్రిప్టులో ఎక్కిస్తేనే చాలా బోర్డులు చూస్తాయి. ఎక్కించినా, పై స్థాయి అకౌంటింగ్ స్థానంలో నిలబడదు.

ఆ దారి ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పాలి. అకౌంటింగ్ అంతా అయిపోయి, 120 దగ్గర ఆగిపోయి, 150కి ఇంకా 30 ఉత్త క్రెడిట్లు తగ్గినవాళ్ళకు. ఆ 30 ఏ విషయంలోనైనా ఉండవచ్చని చాలా రాష్ట్రాలు అంటాయి. చరిత్ర, మనస్తత్వశాస్త్రం, స్పానిష్, ఏదైనా. అక్కడ క్లెప్ బంగారం. మన కొత్తఖాతా గారి సమస్య అది కాదు, ఆవిడకు మొత్తం ఎక్కువే ఉంది.

---

బీకాం_బాబు రాసినది:

నాది తిరగబడ్డ సమస్య. అకౌంటింగ్ కావలసినంత ఉంది, మొత్తమే లేదు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో మూడేళ్ళ బీకాం. మూల్యాంకనంలో 90 క్రెడిట్లు, బ్యాచిలర్స్‌కు సమానం కాదు అని వచ్చింది. ఒహాయోలో ఉంటున్నాను. ఇక్కడ కొత్త చట్టం వచ్చిందట కదా, 150 అక్కర్లేదట. నాకు పనికొస్తుందా?

---

పద్దులపంతులు రాసినది:

ఈ 150 నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫ్లోరిడాలో 1983లో మొదలై, తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్క రాష్ట్రమే చుట్టుకుంది. ఇప్పుడు అదే వరసలో విప్పుతున్నారు. ఒహాయోలో 2025 జనవరిలో చట్టం సంతకమై 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాచిలర్స్, రెండేళ్ళ అనుభవం, పరీక్ష ఉంటే లైసెన్సు. వర్జీనియాలోనూ అదే తేదీ. టెక్సాస్ కూడా 2025లోనే ఇలాంటి చట్టం చేసింది. పాత దారి కూడా ఉంటుంది: 150 ఉంటే ఏడాది అనుభవం చాలు.

కాబట్టి ఆ అదనపు 30 క్రెడిట్లకు ఇప్పుడు ఒక ధర వచ్చింది: ఒక ఏడాది ఉద్యోగం. జీతం తీసుకుంటూ చేసే ఏడాది. కేవలం 150 కోసం మాస్టర్స్‌లో చేరబోయేవాళ్ళు ఈ ఒక్క వాక్యాన్ని ఫీజు రసీదు పక్కన పెట్టుకుని చూసుకోవాలి.

కానీ బీకాం_బాబు గారూ, కొత్త దారిలోనూ బ్యాచిలర్స్ ఉండాల్సిందే. అకౌంటింగ్ కోర్సుల లెక్కా అలాగే ఉంది. మీ గొడవ 150తో కాదు, బ్యాచిలర్స్ సమానత్వంతో. మీకు ఎంకాం గానీ, సీఏ గానీ ఉందా?

---

బీకాం_బాబు రాసినది:

సీఏ ఇంటర్‌తో ఆపేశాను. ఎంకాం లేదు.

---

పద్దులపంతులు రాసినది:

అయితే రెండు పనులు, ఇదే వరసలో. ఒకటి: మూల్యాంకన సంస్థలన్నీ ఒకేలా చూడవు. మూడేళ్ళ డిగ్రీని కొన్ని అసలు ఒప్పుకోవు. మరికొన్ని, మీ విశ్వవిద్యాలయానికి భారతదేశంలో నాక్ మండలి ఇచ్చిన గ్రేడు, డిగ్రీలో మీకొచ్చిన క్లాసు చూసి బ్యాచిలర్స్‌కు సమానమంటాయి. అయితే ఏ సంస్థ నివేదిక చెల్లుతుందో చెప్పేది మీ బోర్డు. ముందు బోర్డును అడగండి, ఆ తర్వాతే ఇంకో నివేదికకు డబ్బు పెట్టండి. రెండు: అప్పటికీ కుదరకపోతే ఆ 90ని ఇక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసి బ్యాచిలర్స్ పూర్తి చేయండి. ప్రతిచోటా "మా దగ్గర కనీసం ఇన్ని క్రెడిట్లు చేయాలి" అని ఒక నియమం ఉంటుంది, సాధారణంగా 30. వెస్టర్న్ గవర్నర్స్ లాంటి చోట ఆరు నెలలకు ఒకే రుసుము, ఎన్ని కోర్సులు ముగిస్తే అన్ని. బీకాం చదివినవారు అక్కడ పరుగెత్తగలరు. డిగ్రీ చేతికి వస్తే ఈ పంచాయితీ జన్మలో మళ్ళీ రాదు.

---

పన్నులవేళ రాసినది:

ఆలస్యంగా వచ్చాను, మా పన్నుల కాలం నడుస్తోంది మరి. నేను సీపీఏ కాదు, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ను. ఈ చర్చలో ఎవరూ దీని ఊసే ఎత్తలేదు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే లైసెన్సు ఇది. డిగ్రీ అక్కర్లేదు, 150 అక్కర్లేదు, క్రెడిట్లే అక్కర్లేదు. మూడు భాగాల పరీక్ష, తర్వాత మీ సొంత పన్నులు సక్రమంగా కట్టారా అన్న విచారణ. అంతే. అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. పన్నుల పని మాత్రమే చేయాలనుకునేవారికి ఇది చాలు. ఆడిట్ మీద సంతకం పెట్టాలంటే మాత్రం సీపీఏనే. సంస్థల లోపల ఖర్చుల విశ్లేషణ, బడ్జెట్లు చేయాలనుకునేవారికి అమెరికా సీఎంఏ (మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ ధ్రువీకరణ) ఉంది. ఏ విషయంలో బ్యాచిలర్స్ అయినా సరే, రెండు భాగాల పరీక్ష, రెండేళ్ళ అనుభవం.

ఫీజుల సంగతికి వస్తే, మీరంతా కట్టేదాని గురించే మాట్లాడుతున్నారు, తిరిగొచ్చేదాని గురించి కాదు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అని ఒకటుంది. ఏడాదికి పదివేల డాలర్ల వరకు ట్యూషన్ మీద 20 శాతం పన్నులోంచి తగ్గుతుంది. డిగ్రీ కోసమే చదవాలని లేదు, ఉద్యోగ నైపుణ్యం కోసం ఒక్క కోర్సు చేసినా వర్తిస్తుంది. రాత్రిబడి గారి 2,208 డాలర్లు ఒకే ఏడాది కట్టి ఉంటే 441 డాలర్ల చిల్లర వెనక్కి వచ్చినట్టే. దంపతులు కలిపి ఫైల్ చేస్తే ఆదాయం 1,60,000 డాలర్లు దాటినప్పటి నుంచి తరుగుతూ 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. పోయిన ఏడాది మధ్యలో ఉద్యోగం పోయినవారు దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి, మామూలుగా రానివాళ్ళకు ఆ ఏడాది రావచ్చు. ట్యూషన్ లెక్క చూపుతూ కాలేజీ ఇచ్చే 1098-టీ ఫారం దాచుకోండి.

ఉద్యోగంలో ఉండి చదివేవారు ఇంకోటి అడగాలి. యజమాని చదువు కోసం ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఇస్తే దానిమీద పన్ను లేదు. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీ ఖర్చు మొత్తం అందులో ఇమిడిపోతుంది. అయితే ఒకే డాలరుకు రెండు ప్రయోజనాలూ తీసుకోకూడదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

---

కొత్తఖాతా రాసినది:

ఎవరికని కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒక సందేహం. అనుభవం సంగతి ఏమిటి? లైసెన్సు కోసం సీపీఏ కింద పని చేయాలట. లైసెన్సు లేనివాళ్ళను, అందులోనూ నలభై దాటినవాళ్ళను ఎవరు తీసుకుంటారు?

---

పన్నులవేళ రాసినది:

వీటా గురించి విన్నారా? తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా పన్ను పత్రాలు నింపిపెట్టే ఐఆర్ఎస్ కార్యక్రమం. స్వచ్ఛంద సేవకులకు శిక్షణ, ధ్రువీకరణ పరీక్ష రెండూ ఉచితమే. జీతం రాదు. కానీ ఎదురుగా ఒక మనిషి పాదరక్షల పెట్టెలో కాగితాలు పోసి తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తాడు చూడండి, అందులో జీతం చూపే డబ్ల్యూ-2 ఏది, ఇతర ఆదాయం చూపే 1099 ఏది, అక్కర్లేని బ్యాంకు ఉత్తరం ఏది అని వేరు చేయడం ఏ తరగతి గదిలోనూ నేర్పరు. ఒక పన్నుల కాలం అక్కడ కూర్చున్నవారిని చిన్న పన్ను సంస్థలు మారుమాట లేకుండా జనవరికి తీసుకుంటాయి. మా దగ్గర ఇద్దరు అలా వచ్చినవారే.

---

పద్దులపంతులు రాసినది:

టెక్సాస్‌లో ఆ అనుభవం సీపీఏ పర్యవేక్షణలో 2,000 గంటలు. పెద్ద ఆడిట్ సంస్థలోనే ఉండాలని లేదు. ఒక కంపెనీ లెక్కల విభాగంలో పైఅధికారి సీపీఏ అయినా సరిపోతుంది. ఇంటర్వ్యూలోనే అడిగేయండి, "నా పని మీద సంతకం పెట్టగల సీపీఏ ఇక్కడ ఎవరు?" అని. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. ఈ ప్రశ్న అడగక, నాలుగేళ్ళు పని చేసి, చివరికి సంతకం పెట్టే మనిషే లేడని తెలుసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

లైసెన్సు కోసం ఆగి ఉద్యోగం వెతకడం తలకిందుల వ్యవహారం. ఇంటర్మీడియట్ ఒకటి పూర్తవగానే దరఖాస్తులు మొదలుపెట్టండి.

---

ఎదురుగాలి రాసినది:

ఐఎస్‌సీ, సాక్ 2 మాట నాకు తెలియదు. ఆ దారి అయితే నా అభ్యంతరాల్లో సగం ఎత్తివేస్తున్నాను. శనివారాల మీద మాత్రం నిలబడి ఉన్నాను.

---

నిర్వాహకులు:

ఒక సభ్యురాలు తన మూల్యాంకన నివేదికను ఫొటో తీసి ఇక్కడ పెట్టారు. అందులో పుట్టిన తేదీ, హాల్‌టికెట్ సంఖ్య ఉన్నందువల్ల తొలగించాం. కోర్సు పేర్లు, క్రెడిట్లు టైపు చేసి పెట్టండి, చాలు.

---

కొత్తఖాతా రాసినది:

ఆ సభ్యురాలిని నేనే, మన్నించాలి. టైపు చేసే పెడుతున్నాను.

బీటెక్: 128 క్రెడిట్లు, అమెరికా బ్యాచిలర్స్‌కు సమానం. ఎంఎస్ 36. మొత్తం 164. పై స్థాయి అకౌంటింగ్: సున్నా. వాణిజ్యం కింద ఎంఎస్‌లోని సమాచార వ్యవస్థల కోర్సులు కొన్ని పనికొచ్చేలా ఉన్నాయి. నవ్వు వచ్చిన సంగతి ఒకటి: మూడో ఏడాదిలో మేమంతా "మెఫా" అని తిట్టుకుంటూ పరీక్షకు ముందు రాత్రి చదివిన మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్, మేనేజ్‌మెంట్ సైన్స్, రెండూ వాణిజ్య విషయాల కింద నమోదయ్యాయి. ఆ పుస్తకంలోనే జర్నల్ ఎంట్రీలు, ట్రయల్ బ్యాలెన్స్ ఉండేవి. అప్పుడు ఒక్క ముక్క ఎక్కలేదు.

బోర్డుకు రాస్తే, వీటిలో ఏవి ఒప్పుకుంటారో దరఖాస్తుతో పాటు తేలుస్తామన్నారు. వేసవిలో ప్రిన్సిపుల్స్ రెండూ పూర్తి చేశాను. ఇప్పుడు ఇంటర్మీడియట్ ఒకటి, కాస్ట్ అకౌంటింగ్ కలిపి తీసుకోవచ్చా? పరీక్షలు ఏ వరసలో రాయాలి?

---

రాత్రిబడి రాసినది:

మెఫా మాట నిజం! మా బ్యాచ్‌లో అందరం దాన్ని గాలికి వదిలేశాం.

ఇంటర్మీడియట్ ఒకటితో కాస్ట్ కలపవచ్చు. కాస్ట్‌లో లెక్కలు ఉంటాయి, ఇంజనీరుకు నొప్పి తెలియదు. ఇంటర్మీడియట్ రెండుతో మాత్రం బరువైనది ఏదీ పెట్టుకోకండి. లీజులు, బాండ్లు, పెన్షన్లు, వాయిదా పడ్డ పన్నులు అన్నీ అక్కడే వచ్చి మీద పడతాయి. ఆ సెమిస్టరులో దానికి తోడు నీతి కోర్సు ఒక్కటి చాలు.

---

పద్దులపంతులు రాసినది:

వరస: టెక్సాస్‌లో లైసెన్సుకు కావలసినవన్నీ పూర్తయ్యేదాకా పరీక్షకు ఆగనక్కర్లేదు. 120 క్రెడిట్లు, అందులో పై స్థాయి అకౌంటింగ్ 21 ఉంటే కూర్చోనిస్తారు. ఫార్ ముందు రాయండి, అదీ ఇంటర్మీడియట్ రెండు వేడి తగ్గకముందే. నాలుగింటిలో సిలబస్ పెద్దది అదే, రాసినవారిలో సగానికన్నా తక్కువమందే గట్టెక్కుతున్నారు. 75 రావాలి. మొదటి విభాగం పాసైనప్పటి నుంచి మిగతావి ముగించడానికి గడువు మొదలవుతుంది. ఇదివరకు 18 నెలలు ఉండేది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో 30. చిన్నదైన ఐఎస్‌సీ ముందు పాసై గడియారం ఆన్ చేసుకుని, ఫార్ దగ్గర ఇరుక్కోవడం దేనికి? ఐఎస్‌సీ చివరికి ఉంచుకోండి.

తయారీ కోర్సుకు ఇప్పుడే రెండు వేలు పెట్టకండి. మీరు చేరే సంస్థ సీపీఏ సంస్థ అయితే అది కొనిపెట్టే అవకాశం ఎక్కువ. ఉద్యోగం ఖాయమయ్యే రోజు అడగాల్సిన రెండో ప్రశ్న అదే. మొదటిది ఇంతకుముందు చెప్పాను.

---

కొత్తఖాతా రాసినది:

చిక్కు ఒకటి వచ్చింది. ఇంటర్మీడియట్ సాయంత్రం సెక్షను నిండిపోయింది, నిరీక్షణ జాబితాలో మూడో స్థానం నాది. పగటి సెక్షనుకు పిల్లల బడితో కుదరదు. పక్క జిల్లా కాలేజీలో ఖాళీ ఉంది, రుసుము మాత్రం దాదాపు రెట్టింపు.

---

రాత్రిబడి రాసినది:

పక్క జిల్లాకు ఇప్పుడే వెళ్ళకండి. ఫీజు గడువు ఏ రోజో చూసి, ఆ మర్నాడు పొద్దున్నే తెరిచి చూడండి. కట్టనివాళ్ళ పేర్లు ఎగిరిపోతాయి, మూడో స్థానం ఏమంత దూరం కాదు. ఈలోపు అధ్యాపకుడికి ఒక ఈమెయిల్ పంపండి, ప్రిన్సిపుల్స్ రెండింటిలో వచ్చిన గ్రేడ్లతో సహా.